18 అంతస్తుల కర్ర మేడ: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో, చెక్కతో పెద్ద భవనాలు కడుతున్నారనీ, ఆ పని ఆర్కిటెక్టు ఒక్కడి వల్ల కాదు, ఇంజనీరూ వడ్రంగీ అడవి పెంచేవాడూ అందరూ మొదటి రోజు నుంచే కలిసి కూర్చోవాలనీ రాశాను. రాసింది అర పేజీ, వచ్చిన ఉత్తరాలు సంచీడు. కొంతమంది "ఈ మనిషికి మతి పోయిందా" అన్నారు, ఇంకొంతమంది "మా ఇంటికి ఎంతవుతుంది" అని అడిగారు. ఆ రెండు రకాలూ పక్కన పెట్టి మిగతావాటిలో కొన్నిటికి జవాబు చెప్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి వాంకూవర్‌లో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలో చదువుతున్నాడు. ఈ ఏడాది వాడికిచ్చిన హాస్టల్ పేరు బ్రాక్ కామన్స్ అట, 18 అంతస్తులూ కర్రేనట. వాడు గొప్పగా ఫొటోలు పంపుతున్నాడు గానీ నాకు మాత్రం ఒకటే టెన్షన్. రాత్రిపూట నిప్పంటుకుంటే ఏమిటి గతి?
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ముందు చిన్న సవరణ. 18 అంతస్తులూ కర్ర కాదు. కింది అంతస్తు కాంక్రీటు. మెట్లూ లిఫ్టులూ కింది నుంచి పైదాకా రెండు కాంక్రీటు గొట్టాల్లాంటి గోడల మధ్య ఉంటాయి. పైనున్న 17 అంతస్తుల స్తంభాలూ నేలలూ మాత్రం చెక్కవి. మీవాడు ఎప్పుడైనా కిందికి పరిగెత్తాల్సి వస్తే, పరిగెత్తేది కాంక్రీటు మెట్ల మీదే.

ఇక నిప్పు సంగతి. కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. చితుకులు భగ్గుమంటాయి, లావు మొద్దు మాత్రం ఊది ఊది కళ్లు మండినా ఒక పట్టాన అంటుకోదు, అంటుకున్నా పైపైన బొగ్గు కట్టి లోపల చెక్క చెక్కలాగే ఉంటుంది. ఆ బొగ్గు పొరే లోపలికి వేడి పోకుండా అడ్డుపడుతుంది. యూరప్ ఇంజనీర్లు లెక్క వేసేటప్పుడు పైన్, స్ప్రూస్ లాంటి చెక్క నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటర్ల లోతున బొగ్గవుతుందని తీసుకుంటారు, అంటే గంటసేపు మండినా 4 సెంటీమీటర్లు దాటదు. బరువు మొయ్యడానికి ఎంత చెక్క కావాలో చూసి, కాలిపోవడానికి ఇంకొంత మందం కలిపి పెడితే మనుషులు దిగిపోవడానికి టైం దొరుకుతుంది. బ్రాక్ కామన్స్‌లో దాన్ని కూడా నమ్ముకుని ఊరుకోలేదు. చెక్క మీద జిప్సం బోర్డు పొరలు కప్పారు, మంట వస్తే నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు ప్రతిచోటా పెట్టారు. మీవాడు పంపిన ఫొటోల్లో గదిలో ఎక్కడా చెక్క కనపడకపోతే కారణం అదే.

అప్పట్లో ఆ రాష్ట్రంలో కర్రతో 6 అంతస్తులు దాటి కట్టకూడదని రూలు. ఈ ఒక్క భవనం కోసం ప్రత్యేకంగా ఒక నిబంధన రాశారు. రాసేముందు ఆర్కిటెక్టులూ ఇంజనీర్లే కాదు, అగ్నిప్రమాదాల నిపుణులూ, శాస్త్రవేత్తలూ, అసలు మంటలార్పే ఫైర్‌మెన్ కూడా డిజైన్‌ని చూసి అభ్యంతరాలు చెప్పారు. నాకు నచ్చింది ఇదే. మన దగ్గర ఫైర్ డిపార్ట్‌మెంట్ దగ్గరికి మనం పోయేది బిల్డింగు అయిపోయాక, సర్టిఫికెట్టు కోసం.

అంతా సవ్యంగా జరిగిందని కూడా అనను. ఈ భవనాల నేలలకి వాడేది క్రాస్ లామినేటెడ్ టింబర్, అందరూ సీఎల్‌టీ అంటారు. పలకలన్నీ ఒక వరస పరిచి, దాని మీద అడ్డంగా ఇంకో వరస, మళ్లీ నిలువుగా ఇంకోటి, అన్నిటినీ జిగురుతో అతికించి నొక్కేస్తారు, ప్లైవుడ్‌కి పెద్దన్న అనుకోండి. 1990ల్లో ఆస్ట్రియా, జర్మనీ వైపు మొదలైంది. కొన్ని రకాల జిగుర్లు వేడికి పట్టు వదిలేస్తాయని మంటల పరీక్షల్లో బయటపడింది. పొర ఊడి పడిందంటే లోపలి తాజా చెక్క మళ్లీ మొదటి నుంచి మండుతుంది, బొగ్గు కాపాడుతుందన్న లెక్క గల్లంతు. ఇది ఆర్కిటెక్టుకి తట్టే విషయం కాదు, జిగురు కెమిస్ట్రీ తెలిసినవాడూ, నిప్పు పెట్టి చూసేవాడూ కలిస్తేనే తెలిసింది. 2018లో అమెరికా, కెనడాల ప్రమాణం మార్చి, వేడికి పట్టు వదలని జిగురే వాడాలని పెట్టారు.

నిద్రపోండమ్మా. స్టవ్ మీద నూనె మూకుడు పెట్టి ఫోను చూస్తూ కూర్చోవద్దని మాత్రం వాడికి చెప్పండి, ఆ ప్రమాదం ఏ హాస్టల్లో అయినా ఒకటే.

ప్రశ్న: బీఆర్క్ నాలుగో ఏడాది. మా కాలేజీలో చెక్క డిజైన్ పోటీ పెట్టారు, టీంలో సివిల్ వాళ్లూ మెకానికల్ వాళ్లూ తప్పనిసరిగా ఉండాలని రూలు. నిజం చెప్పాలంటే ఆ మీటింగులన్నీ టైం వేస్ట్. నేనే డిజైన్ చేసేసి చివర్లో లెక్కలు వెయ్యమని వాళ్లకిస్తే సరిపోదా?
— ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: సరిపోదమ్మాయ్. ఎందుకు సరిపోదో నా మొహం మీద పడిన దెబ్బతోనే చెప్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకాయన ఇంటికి తొమ్మిదడుగుల సింహద్వారం గీశాను. చాలా అందంగా గీశాననే ఇప్పటికీ నా అభిప్రాయం. చెక్క రాగానే మేస్త్రి దాన్ని చేత్తో తడిమి, వేలి ముడితో కొట్టి చూసి, "ఇది ఇంకా పచ్చిది సార్, రెండు నెలలు నీడన ఆరనిద్దాం" అన్నాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని నేను వినలేదు. ఎండాకాలం వచ్చేసరికి తలుపు మెలి తిరిగింది, పై మూల చౌకట్టుకి కొట్టుకుంటోంది, కింది మూల రెండు వేళ్లు దూరేంత బయటికొచ్చింది. చిత్రిక పట్టించీ పట్టించీ తలుపు సన్నబడింది గానీ బాగుపడలేదు. ఆ ఇంటాయన ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడితే తలుపు ఎలా ఉందో నాకు చెప్తాడు.

సరిగ్గా ఆ మెలినే జర్మనీలో పనిలో పెట్టుకున్నారు. స్టుట్‌గార్ట్ దగ్గర ఉర్‌బాఖ్ అనే ఊళ్లో 2019లో ఒక చెక్క గోపురం కట్టారు. ఎత్తు 14 మీటర్లు, 12 వంపు పలకలు నిలబెట్టి కట్టింది. విశేషమేమిటంటే ఆ పలకల్ని ఎవరూ అచ్చులో పెట్టి వంచలేదు, అవే వంగాయి. చెక్క ఎండేటప్పుడు పోగుకి అడ్డంగా బాగా కుంచించుకుపోతుంది, పోగు వెంబడి దాదాపు కదలదు. ఒక పొర మీద ఇంకో పొరని అడ్డంగా అతికిస్తే, ఎండేటప్పుడు ఒకటి కుంచించుకుంటానంటుంది, రెండోది ససేమిరా అంటుంది, ఆ గుంజులాటలో పలక మొత్తం వంగుతుంది. ఎండిన కాయ తొక్క మెలి తిరిగి పగలడం చూశావు కదా, అదే సూత్రం. వాళ్లు పైన్ కాయని చూసి నేర్చుకున్నారు. 22 శాతం తేమ ఉన్న చదును పలకల్ని ఆరబెట్టే గదిలోకి పంపితే 12 శాతానికి దిగేసరికి కావలసిన వంపుతో బయటికొచ్చాయి.

"కావలసిన వంపు" అని తేలిగ్గా అనేశాను గానీ అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఏ పొర ఎంత మందం ఉంటే, తేమ ఎంత తగ్గితే, ఎంత వంగుతుంది? స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో ఆర్కిటెక్టు అకిమ్ మెంగెస్ బృందం, స్ట్రక్చరల్ ఇంజనీరు యాన్ క్నిపర్స్ బృందం, స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జూరిక్, ఎంపా సంస్థల్లో చెక్క మీద పరిశోధన చేసేవాళ్లు, పలకలు తయారుచేసిన బ్లూమర్ లేమన్ కంపెనీవాళ్లు, అందరూ కలిస్తే తేలింది ఆ లెక్క. ఇప్పుడు నీ పద్ధతి దీనికి పెట్టి చూడు. ఆర్కిటెక్టు ముందే గోపురం గీసేసి చివర్లో లెక్కలకిస్తే, ఏం గీసి ఉండేవాడు? ఆ ఆకారం పుట్టిందే లెక్కలోంచి.

ఇంకోటి. మొదటి జవాబులో చెప్పిన వాంకూవర్ హాస్టల్లో చెక్క పని మొత్తం 70 రోజుల్లోపు లేచింది. అందరూ ఆ 70 రోజుల గురించే మాట్లాడతారు. దానికి ముందు కంప్యూటర్లో ప్రతి పైపూ ప్రతి కన్నం కనపడేలా మోడల్ చేశారు, రెండంతస్తుల నమూనా అసలు సైజులో కట్టి చూశారు, పలకల్లో పైపులకి కావలసిన కన్నాలు ఫ్యాక్టరీలోనే కోసి పంపారు. ప్లంబరు పని ఎప్పుడో చివర్లో కాదు, డిజైన్‌లోనే అయిపోయింది. కాంక్రీటయితే సైట్లో సుత్తీ ఉలీ పెట్టి పగలగొట్టుకోవచ్చు, మనం చేసేదీ అదే. చెక్క స్లాబులో అలా కన్నం పెడితే ఏ పొర తెగిందో ఎవరికీ తెలీదు.

కాబట్టి పోటీ మొదటి వారం ఏమీ గీయకు. టీం మొత్తాన్నీ తీసుకుని దగ్గర్లో ఉన్న కర్రల అడితికి పో. ఒకే దుంగలోంచి కోసిన రెండు పలకలు కొని, ఒకటి నీళ్లలో నానబెట్టి ఎండలో పడెయ్, నాలుగు రోజుల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి కొలవండి. సివిల్ అబ్బాయిని దూలం ఎంత మోస్తుందని కాదు, జాయింటు ఎంత మోస్తుందని అడుగు. కర్ర కట్టడం విరిగేది ఎక్కువగా అతుకు దగ్గరే. మెకానికల్ అమ్మాయిని మన ఊళ్లో ఉన్న మిషన్ మీద ఎంత పొడవు పలక పడుతుందో కనుక్కోమను, అలాగే లారీలో ఎంత పొడవు పడుతుందో కూడా. ఇవి తేలాక గీయి. ఇంకా మీటింగులు బోరు కొడితే నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: జామాయిల్ వేశాం, సుబాబుల్ వేశాం, మిల్లు వాళ్లు చెప్పిన ధరకి అమ్ముకుని విసిగిపోయాం. ఇప్పుడు అందరూ మలబారు వేప అంటున్నారు. మీరు రాసిన కర్ర మేడలకి మా కర్ర కొంటారా?
— ఒక రైతు, ఒంగోలు దగ్గర

జవాబు: అన్నా, ఇవాళ్టికి కొనరు. ఆశ పెట్టి మీ చేత ఐదెకరాలు నాటించలేను.

కాగితం మిల్లుకి మూడు నాలుగేళ్లకి కొట్టేసే కర్ర లేత కర్ర. లేత కర్ర ఎండితే ఎక్కువ మెలి తిరుగుతుంది, పగుళ్లిస్తుంది. మలబారు వేప పెరుగుదల బాగుంటుంది, ప్లైవుడ్ వాళ్లు పొర తీయడానికి కొంటారు, అది నిజమైన మార్కెట్టే. కాకపోతే వాళ్లకి కావలసింది తిన్నగా, లావుగా, ముడుల్లేని మొదలు. అంటే మొదటి రెండేళ్లూ కింది కొమ్మలు మీరు కత్తిరిస్తూ ఉండాలి. కొనేవాడు ఎవరో, మీ పొలానికి ఎంత దూరంలో ఉన్నాడో తెలియకుండా నాటకండి. లారీ కిరాయి మొత్తం లాభాన్ని తినేస్తుంది.

భవనానికి వాడాలంటే ఫలానా నేలలో పెరిగిన ఫలానా చెట్టు ఇంత బరువు మోస్తుందని పరీక్షించి చెప్పాలి. బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ లాంటి చోట ఆ పని చెయ్యగలరు. రైతు ఒక్కడు పోతే అయ్యేది కాదు, సంఘంగా పోయి అడగాలి.

ఒక్క మాట మాత్రం మీకు నచ్చుతుంది. నార్వేలో బ్రుముండాల్ అనే చిన్న ఊళ్లో 2019లో 85.4 మీటర్ల కర్ర భవనం లేచింది, పేరు మ్యోస్టోర్నెట్, 18 అంతస్తులు. దానికి దూలాలూ స్తంభాలూ ఇచ్చిన కంపెనీ మొయెల్వెన్, వాళ్ల ఫ్యాక్టరీ ఆ దగ్గర్లోనే. ఆ కంపెనీ యజమానుల్లో అక్కడి అడవి రైతుల సహకార సంఘాలున్నాయి. చెట్టు పెంచినవాడికి మేడలో కూడా వాటా ఉందన్నమాట. మన దగ్గర డిజైన్ సదస్సులు చాలా చూశాను, ఒక్క దాంట్లో కూడా స్టేజీ మీద రైతు కనపడలేదు.

(ఆ భవనం గురించే ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పై అంతస్తుల నేలలకి కాంక్రీటు వేశారు. కర్ర మరీ తేలిక, గాలికి పైన ఉన్నవాళ్లకి ఊగినట్టనిపిస్తుందని బరువు కోసం వేశారు. "అంతా కర్రే" అని మొండికేసి ఉంటే పైన కూర్చున్నవాళ్లకి కళ్లు తిరిగేవి.)

ప్రశ్న: మాది వడ్ల పని. రోబోలు వచ్చి చెక్క కోస్తున్నాయని యూట్యూబుల చూసిన. ఇగ మా పిల్లలకి ఈ పని నేర్పాల్నా, వద్దా?
— ఒక వడ్రంగి, నిర్మల్

జవాబు: అన్నా, మీరు చూసింది బహుశా జర్మనీ హైల్‌బ్రోన్‌లో 2019లో కట్టిన చెక్క మంటపం అయ్యుంటుంది. 30 మీటర్ల వెడల్పున మధ్యలో ఒక్క స్తంభం లేకుండా, 376 ముక్కలు, ఏ ముక్కకా ముక్క వేరు, అన్నీ రోబోలే అతికించి కోశాయి. అలాంటి కోత చేత్తో కొయ్యాలంటే ఏళ్లు పడుతుంది, అందులో పోటీకి పోకండి.

మీ బలం ఇంకోచోట ఉంది. చెక్కని చూడగానే చేవ ఎంత, పోగు ఎటు పోతోంది, ఎండితే ఎటు తిరుగుతుంది అని మీరు చెప్పగలరు. నేను పైన చెప్పిన తలుపు విషయంలో ఆ మేస్త్రి మాట విని ఉంటే నా పరువు నిలబడేది. మరి ఆ మాటకి డబ్బులెవరిస్తారు అంటారా? ఇవ్వడం లేదు. అదే తప్పు. డిజైన్ ఫీజులో మేస్త్రి సలహాకి కూడా ఒక లైను ఉండాలని నేను ఆఫీసుల్లో అడుగుతూనే ఉన్నాను, నవ్వుతారు.

ఏటికొప్పాక చూడండి. అంకుడు కర్రని తరిణ పట్టి లక్క పూసే పని పాతదే. రసాయన రంగులు వచ్చి పడ్డాక, సి.వి. రాజు గారు చెట్ల నుంచీ గింజల నుంచీ తీసిన రంగుల మీద పనిచేసి, కళాకారులతో కలిసి వాటిని లక్కలోకి తెచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయంలేని బొమ్మ అనేసరికి కొనేవాళ్లే మారిపోయారు. 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. తరిణ పట్టే చెయ్యి అదే, పక్కన రంగుల సంగతి తెలిసిన మనిషి చేరాడు. పిల్లలకి నేర్పండి. కంప్యూటర్లో డ్రాయింగు చదవడం కూడా నేర్పించండి, ఆరు నెలల్లో వచ్చేస్తుంది. మీకున్నది మాత్రం ఇంజనీరింగు పిల్లాడికి ఆరు నెలల్లో రాదు.

ప్రశ్న: చెట్లు నరికి ఇల్లు కట్టడం పర్యావరణమా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నారు?
— ఒక కోపిష్టి, హైదరాబాద్

జవాబు: కోపం న్యాయమైనదే. అడవిని కొట్టేసి మళ్లీ నాటకపోతే అది దోపిడీ, దాని మీద ఎంత అందమైన భవనం కట్టినా దోపిడీయే. మన సీపీడబ్ల్యూడీ, అంటే కేంద్ర ప్రజా పనుల శాఖ కూడా 1993లో తమ పనుల్లో కర్ర వాడొద్దని ఆపేసి 2020లో గానీ ఎత్తెయ్యలేదు. ఈలోపు అడవులు బాగుపడ్డాయో లేదో గానీ గుమ్మాలన్నీ ఇనుమూ అల్యూమినియమూ ప్లాస్టిక్కూ అయ్యాయి.

ఎండిన చెక్క బరువులో సగం దాకా కర్బనమే, చెట్టు గాలిలోంచి పీల్చుకున్నది. భవనం నిలబడినన్నాళ్లూ అది చెక్కలోనే ఉంటుంది. కూల్చి తగలబెడితే మళ్లీ గాలిలోకే. అందుకని ఎలా కట్టారన్నదే కాదు, ఎలా విప్పుతారన్నది కూడా చూడాలి. నెదర్లాండ్స్‌లో ట్రియోడోస్ బ్యాంకు ఆఫీసు 2019లో మొత్తం మరలతో బిగించి కట్టారు, 1,65,312 మరలు అని లెక్కపెట్టి మరీ రాసుకున్నారు. రేపు అక్కర్లేదనుకుంటే విప్పి, ఏ ముక్క ఎక్కడిదో చూసుకుని ఇంకోచోట వాడొచ్చు. ఇది మనకి కొత్తేం కాదు, కింద చివరి ఉత్తరం చదవండి.

ప్రశ్న: సముద్రానికి దగ్గర ఇల్లు. చెదలూ ఉప్పుగాలీ. కర్ర వరండా నిలబడుతుందా?
— బాపట్ల

జవాబు: స్తంభం నేలలో పాతకుండా రాతి దిమ్మె మీద నిలబెట్టి, చూరు బయటికి దించి, గాలి ఆడనిస్తే నిలబడుతుంది. చెద నేలలోంచి ఎక్కేది, మట్టి గీత కనపడగానే గీకెయ్యాలి. మేకులు మామూలు ఇనుమువి వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టించండి.

ప్రశ్న: తాతల నాటి మండువా ఇల్లు కూల్చేస్తున్నాం, అన్నదమ్ములం పంచుకున్నాం, ఇక ఉంచే దారి లేదు. దూలాలూ స్తంభాలూ టేకువి. పాత కర్ర వ్యాపారి మొత్తం గుత్తంగా ఇంతకి ఇచ్చెయ్యమంటున్నాడు. ఇచ్చెయ్యమంటారా?
— అమలాపురం

జవాబు: ఆగండి బాబూ, గుత్తంగా ఇవ్వకండి. అన్నేళ్లు ఆరిన టేకు కొత్తగా మీకు ఎక్కడా దొరకదు. అది తిరగాల్సిన మెలి ఎప్పుడో తిరిగేసింది, ఇక పెద్దగా కదలదు.

కూల్చే కాంట్రాక్టరు పెంకు దించాక రంపపు మిషన్ తెచ్చి దూలాల్ని మధ్యకి కోసేస్తాడు, మోయడం తేలికని. అదొక్కటి జరగనివ్వకండి. మీ ఊళ్లో పాత మేస్త్రి ఎవరైనా ఉంటే రెండ్రోజులు కూలి ఇచ్చి దగ్గర నిలబెట్టండి, ఏ అతుకు ముందు విప్పాలో ఆయనకి తెలుస్తుంది. ఆ ఇళ్లలో చాలా అతుకులు బెజ్జంలో కొస దూర్చి చెక్క మేకు కొట్టినవే, నరకకుండా విప్పెయ్యొచ్చు. ప్రతి ముక్క మీదా సుద్దతో కాదు, పెయింటుతో నంబరు వెయ్యండి, విప్పేముందు నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీసుకోండి. పొడవు, వెడల్పు, మందం కాగితం మీద రాసుకుంటే ఎన్ని సీఎఫ్టీలో (ఘనపుటడుగులో) మీకే తేలుతుంది, అప్పుడు వ్యాపారితో మాట్లాడండి. గోడలో దూరి ఉన్న కొసలు మాత్రం గుచ్చి చూడండి, చెద తినేది అక్కడే.

తమ్ముళ్లలో ఎవరైనా కొత్త ఇల్లు కడుతుంటే, ఆ కొలతల కాగితం ప్లాను గీయకముందే వాళ్ల ఇంజనీరు చేతిలో పెట్టండి. ప్లాను అయ్యాక ఇస్తే "మా కొలతలకి సరిపోవు" అంటాడు.